ఆసిఫ్‌నగర్ ఎమ్మెల్యే ఎవరు? పేరు మాయమైన మన నియోజకవర్గాల కథ

మల్లేపల్లిలో ఉండే మా చాచా ఇంట్లో పాత కాగితాల సంచి ఒకటి ఉంది. మొన్న ఓటరు జాబితాలో పేర్లు చూసుకుందామని కూర్చున్నప్పుడు ఆ సంచి బయటికి తీశారు. రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు, వాటి మధ్యలో లామినేషన్ అంచులు లేచిపోయిన ఓటరు కార్డు. దాని మీద అసెంబ్లీ నియోజకవర్గం అన్న చోట "ఆసిఫ్‌నగర్" అని ఉంది. "బేటా, ఇప్పుడు ఆసిఫ్‌నగర్ ఎమ్మెల్యే ఎవరు?" అని ఆయన మనవరాలు నన్ను అడిగింది. ఎవరూ లేరు. ఎందుకంటే ఆసిఫ్‌నగర్ అనే నియోజకవర్గమే లేదు. మండలం ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది, బస్తీ ఉంది. ఎమ్మెల్యే సీటు మాత్రం 2009 ఎన్నికలతో పోయింది.

ఆ ఏడాది చాచా ఎప్పటిలాగే పాత బూత్‌కి వెళ్లారట. జాబితాలో పేరు దొరకలేదు. ఇంకో బూత్‌లో చూడమన్నారు. ఎండలో రెండు చోట్లు తిరిగి, ఓటు వేయకుండానే ఇంటికొచ్చేశారు. "ఇల్లు మారలేదు, గల్లీ మారలేదు, నా ఓటు ఎక్కడికి పోయింది?" అని ఇప్పటికీ అంటుంటారు.

చాచా ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నియోజకవర్గం అంటే ఏమిటో, దాని గీతలు ఎవరు గీస్తారో తెలియాలి. ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. ఆ గీతలు మళ్లీ గీసే రోజు దగ్గరపడుతోంది.

గీతలు ఎందుకు మారతాయి?

ఎమ్మెల్యే సీటు ఊరికి కాదు, జనాభాకు లెక్క. ఒక రాష్ట్రంలో అన్ని నియోజకవర్గాల జనాభా వీలైనంత వరకు సమానంగా ఉండాలని రాజ్యాంగంలోని 170వ ఆర్టికల్ చెప్తోంది. అప్పుడే ప్రతి ఓటుకూ ఒకే విలువ. అందుకే జనగణన తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి. దీన్నే డీలిమిటేషన్ అంటాం. ఇందుకోసం 1952, 1962, 1972, 2002లో పార్లమెంటు చట్టాలు చేసింది.

అయితే 1976లో ఎమర్జెన్సీ కాలంలో 42వ రాజ్యాంగ సవరణ వచ్చింది. కుటుంబ నియంత్రణ బాగా అమలు చేసిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదని చెప్పి, 2000 సంవత్సరం దాటేదాకా పునర్విభజనను ఆపేశారు. దాంతో 1971 జనాభా లెక్కలతో గీసిన గీతలతోనే 1978 నుంచి 2004 దాకా ఎన్నికలు నడిచాయి.

ఆ మధ్యకాలంలో హైదరాబాద్ ఎంత పెరిగిందో వేరే చెప్పక్కర్లేదు. నగరం పడమటి వైపు పరుగెత్తింది. ఖైరతాబాద్ రాష్ట్రంలోనే పెద్ద నియోజకవర్గాల్లో ఒకటిగా తయారైంది. పాత నగరం మధ్యలో ఉన్న చిన్న సీట్లు చిన్నగానే మిగిలాయి. అంటే ఒక చోట ఎమ్మెల్యే తన చుట్టుపక్కల వాళ్లందరినీ పేరు పెట్టి పిలవగలడు, ఇంకో చోట ఎమ్మెల్యే మొహం కూడా చాలామందికి తెలియదు. రెండు చోట్లా అసెంబ్లీలో ఓటు ఒక్కటే.

13 పోయి 15 వచ్చాయి

2002లో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ ఏర్పడింది. 2001 జనాభా లెక్కలు తీసుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం సీట్లు 294 అలాగే ఉన్నాయి కానీ, లోపల గీతలన్నీ మారిపోయాయి. రాష్ట్రపతి నోటిఫికేషన్ 2008 ఫిబ్రవరి 19న వచ్చింది. మన దగ్గర కొత్త గీతలతో మొదటి సాధారణ ఎన్నికలు 2009లో జరిగాయి.

అప్పటిదాకా హైదరాబాద్ జిల్లాలో 13 సీట్లు ఉండేవి: ముషీరాబాద్, హిమాయత్‌నగర్, సనత్‌నగర్, సికింద్రాబాద్, ఖైరతాబాద్, కంటోన్మెంట్, మలక్‌పేట్, ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్, కార్వాన్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, చార్మినార్. వీటిలో మూడు పేర్లు పోయాయి. ఆసిఫ్‌నగర్, హిమాయత్‌నగర్, మహారాజ్‌గంజ్. కొత్తగా అయిదు వచ్చాయి. నాంపల్లి, గోషామహల్, అంబర్‌పేట్, జూబ్లీహిల్స్, బహదూర్‌పురా. 13లో మూడు తీసేసి అయిదు కలిపితే 15. ఈరోజుకీ జిల్లాలో సీట్లు అవే.

ఆసిఫ్‌నగర్: ఒకే ఏడాది రెండు తీర్పులు

ఆసిఫ్‌నగర్ చివరి 15 ఏళ్ల చరిత్రలో ఎక్కువ కాలం వినిపించిన పేరు దానం నాగేందర్. 1994లో, 1999లో కాంగ్రెస్ నుంచి గెలిచారు. ముస్లిం ఓటర్లు పెద్ద సంఖ్యలో ఉన్న సీటు ఇది. మజ్లిస్‌కు కూడా ఇక్కడ గట్టి బలం ఉంది. అయినా రెండుసార్లు కాంగ్రెస్ నిలబడింది.

2004లో కథ మలుపు తిరిగింది. కాంగ్రెస్ టికెట్ ఇవ్వకపోవడంతో నాగేందర్ తెలుగుదేశంలో చేరి, ఆ పార్టీ గుర్తు మీద గెలిచారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి. తెలుగుదేశానికి వచ్చినవి 47 సీట్లే, అందులో ఆసిఫ్‌నగర్ ఒకటి. వైఎస్ రాజశేఖర్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక నాగేందర్ మళ్లీ కాంగ్రెస్ వైపు వచ్చారు. కానీ ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలోకి పోతే పదవి పోతుందని 1985 నాటి పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం చెప్తోంది. అందుకే ఆయన ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, కాంగ్రెస్ అభ్యర్థిగా ఉప ఎన్నికలో నిలబడ్డారు. అదే ఏడాది, అదే ఓటర్లు ఈసారి వేరే తీర్పు ఇచ్చారు. మజ్లిస్ అభ్యర్థి మొజం ఖాన్ గెలిచారు. ఆసిఫ్‌నగర్‌కు చివరి ఎమ్మెల్యే ఆయనే.

ఈ ముచ్చట ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, అప్పుడు పార్టీ మారిన నాయకుడు మళ్లీ జనం ముందుకు వచ్చాడు. "నేను మారాను, మీరేమంటారు?" అని అడిగే అవకాశం ఓటరుకు దక్కింది. ఓటరు జవాబు చెప్పాడు. ఇదే నాయకుడు 2023లో ఖైరతాబాద్ నుంచి బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచి, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయకుండానే సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. అలా పార్టీ మారిన ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లు స్పీకర్ దగ్గర మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 20 ఏళ్ల కింద ఆసిఫ్‌నగర్ ఓటరుకు కొన్ని నెలల్లో దొరికిన మాట, ఇప్పటి ఓటరుకు కోర్టు మెట్ల మీద ఆగింది.

సీటు పోయాక నాయకులు ఎటు వెళ్లారు?

నియోజకవర్గం రద్దయితే ఓటరు ఇల్లు మారడు. నాయకుడు మాత్రం కొత్త సీటు వెతుక్కుంటాడు. 2009లో నాగేందర్ ఖైరతాబాద్ వెళ్లి కాంగ్రెస్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు. మొజం ఖాన్ కొత్తగా వచ్చిన బహదూర్‌పురా నుంచి 2009, 2014, 2018లో వరుసగా మూడుసార్లు గెలిచారు. ఆసిఫ్‌నగర్ బస్తీల్లో ఎక్కువ భాగం చేరిన నాంపల్లిలో మజ్లిస్ నుంచి విరాసత్ రసూల్ ఖాన్ గెలిచారు. 2014లో, 2018లో జాఫర్ హుస్సేన్ మేరాజ్, 2023లో మాజీ మేయర్ మాజిద్ హుస్సేన్ ఇదే సీటు గెలుచుకున్నారు.

హిమాయత్‌నగర్ సంగతి ఇంకా విచిత్రం. ఒకప్పుడు బీజేపీ నేత ఆలె నరేంద్ర గెలిచిన సీటు అది. 2004లో జి.కిషన్ రెడ్డి మొదటిసారి ఎమ్మెల్యే అయింది అక్కడి నుంచే. పునర్విభజనలో హిమాయత్‌నగర్ బస్తీ ఖైరతాబాద్‌లోకి వెళ్లింది. దాని ఎమ్మెల్యే కిషన్ రెడ్డి మాత్రం అంబర్‌పేట్ వెళ్లి 2009లో, 2014లో గెలిచారు. పేరు ఒక దిక్కు, నాయకుడు ఒక దిక్కు.

మహారాజ్‌గంజ్‌లో 1999లో బీజేపీ నుంచి ప్రేమ్ సింగ్ రాథోడ్, 2004లో కాంగ్రెస్ నుంచి ముఖేశ్ గౌడ్ గెలిచారు. బేగంబజార్ వ్యాపారుల సీటుగా దానికి పేరు. దాని స్థానంలో గోషామహల్ వచ్చింది. 2009లో ముఖేశ్ గౌడ్ అక్కడా గెలిచారు. 2014 నుంచి రాజా సింగ్ గెలుస్తూ వచ్చారు. 2018లో తెలంగాణ మొత్తంలో బీజేపీ గెలిచిన ఒకే ఒక్క సీటు గోషామహల్. ఇటు పక్కనే నాంపల్లి, కార్వాన్ మజ్లిస్ చేతిలో ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఒక గీత.

ఖైరతాబాద్‌ను విడగొట్టినప్పుడు దానిలో పెద్ద భాగం జూబ్లీహిల్స్ అయింది. ఖైరతాబాద్‌లో ఎన్నో ఏళ్లు చక్రం తిప్పిన పి.జనార్దన్ రెడ్డి 2007 డిసెంబర్‌లో చనిపోయారు. ఆయన కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి 2008 ఉప ఎన్నికలో పాత ఖైరతాబాద్ నుంచి, మరుసటి ఏడాదే కొత్త జూబ్లీహిల్స్ నుంచి గెలిచారు. ఓటర్లు చాలావరకు వాళ్లే, సీటు పేరు వేరు.

గీత అటు ఇటు

2004 సాధారణ ఎన్నికల్లో మజ్లిస్ నాలుగు సీట్లు గెలిచింది. ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికతో అయిదయ్యాయి. కొత్త గీతలు వచ్చాక 2009లో ఏడు. 2014, 2018, 2023లో కూడా ఏడే. ఆ పార్టీ పని, పొత్తులు, అవతలి పార్టీల బలహీనత, ఇవన్నీ కారణాలే. కానీ గీతల పాత్ర కూడా ఉంది. ముస్లిం బస్తీలు ఒకే సీటులో కుదురుగా ఉంటే ఒక ఫలితం, నాలుగు సీట్ల మధ్య చీలితే ఇంకో ఫలితం. ఇది ఏ వర్గానికైనా, ఏ పార్టీకైనా వర్తించే లెక్క.

గీత మన జీవితంలో ఎలా కనిపిస్తుందో మెహదీపట్నంలో చూడొచ్చు. మెహదీపట్నం, విజయనగర్ కాలనీ, మల్లేపల్లి నాంపల్లి సీటులో ఉన్నాయి. కాస్త ముందుకెళ్తే నానల్‌నగర్, టోలిచౌకి కార్వాన్‌లోకి వస్తాయి. నాంపల్లి సికింద్రాబాద్ లోక్‌సభ కిందికి, కార్వాన్ హైదరాబాద్ లోక్‌సభ కిందికి వస్తాయి. మల్లేపల్లిలో ఉండే మా చాచాకు ఎంపీ కిషన్ రెడ్డి. పెళ్లయి టోలిచౌకిలో ఉంటున్న ఆయన కూతురికి ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. ఈద్ రోజు ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చునే కుటుంబం, పోలింగ్ రోజు వేర్వేరు పోటీల్లో ఓటు వేస్తుంది. నాలా గురించో, స్కూలు గురించో అర్జీ పెట్టాలన్నా ఇద్దరూ వేర్వేరు ఆఫీసులకే పోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు చూడండి. గుంటూరు-1, గుంటూరు-2 అనే పేర్లు పోయి 2009 నుంచి తూర్పు, పశ్చిమ అయ్యాయి. ముస్లింలు ఎక్కువగా ఉన్న గుంటూరు తూర్పులో అప్పటినుంచి ప్రతిసారీ ముస్లిం అభ్యర్థే గెలిచారు. 2009లో కాంగ్రెస్ నుంచి మస్తాన్ వలీ, 2014లో, 2019లో వైఎస్సార్‌సీపీ నుంచి ముస్తఫా, 2024లో తెలుగుదేశం నుంచి నసీర్ అహ్మద్. పార్టీలు మూడు మారాయి. కానీ ఏ పెద్ద పార్టీ అయినా అక్కడ ముస్లిం అభ్యర్థిని పక్కన పెట్టడానికి వెనకాడే పరిస్థితిని ఆ సీటు స్వరూపమే తెచ్చింది.

ఇదే లెక్క తిరగేసి చూడండి. 2023లో తెలంగాణ అసెంబ్లీకి ఎన్నికైన ముస్లింలు ఏడుగురే. అందరూ హైదరాబాద్ జిల్లా నుంచే, అందరూ మజ్లిస్ వాళ్లే. జిల్లా బయట ఉన్న 104 సీట్లలో ఒక్కరూ లేరు.

ఇంకో కోణం సచార్ కమిటీ చెప్పింది. 2006 నవంబర్‌లో ఇచ్చిన నివేదికలో, కొన్ని రాష్ట్రాల్లో ముస్లింలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలు ఎస్సీ రిజర్వుడు అయ్యాయనీ, ఎస్సీలు అంతకంటే ఎక్కువగా ఉన్న సీట్లు జనరల్‌లో ఉన్నాయనీ గుర్తించింది. ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్ ఉదాహరణలు ఇచ్చింది. దళితులకు రిజర్వేషన్ వాళ్ల హక్కు, అందులో వాదన లేదు. ఏ సీటు రిజర్వ్ అవుతుందన్నది లెక్క ప్రకారం, న్యాయంగా ఉండాలన్నదే సచార్ మాట.

గీసేది ఎవరు? మనం మాట్లాడేది ఎప్పుడు?

డీలిమిటేషన్ కమిషన్‌లో ముగ్గురు సభ్యులు. సుప్రీంకోర్టు జడ్జి లేదా మాజీ జడ్జి అధ్యక్షుడు. కేంద్ర ఎన్నికల సంఘం నుంచి ఒకరు, ఆ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఒకరు. ప్రతి రాష్ట్రం నుంచి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు సహాయ సభ్యులుగా ఉంటారు. వాళ్లు సలహా చెప్పొచ్చు, ఓటు వేయలేరు.

కమిషన్ ముందు ముసాయిదా తయారు చేస్తుంది. దాన్ని గెజెట్‌లో వేస్తుంది, పత్రికల్లో ప్రకటిస్తుంది. అభ్యంతరాలు పంపడానికి ఒక తేదీ పెడుతుంది. తర్వాత బహిరంగ విచారణలు జరుపుతుంది. ఈ రెండు చోట్ల సామాన్యుడు మాట్లాడొచ్చు. ఆ తర్వాత తుది ఉత్తర్వు వస్తుంది. దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. రాజ్యాంగంలోని 329వ ఆర్టికల్ వల్ల కోర్టుకెళ్లి గీత మార్పించడం దాదాపు కుదరదు. అసెంబ్లీ కూడా దాన్ని మార్చలేదు.

నేను చదివింది బీకాం. అకౌంట్స్‌లో సంవత్సరం పుస్తకాలు మూసేశాక పాత ఎంట్రీ మార్చలేం. ఇదీ అంతే. ముసాయిదా మీద మాట్లాడకపోతే మళ్లీ అవకాశం దశాబ్దాల తర్వాతే. ఆసిఫ్‌నగర్ విషయంలో ఒక తప్పుకు, 1971 నుంచి 2001 దాకా, 30 ఏళ్ల జనాభా పెరుగుదల ఆగాల్సి వచ్చింది.

తర్వాతి గీత

84వ రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చాకే సీట్ల సంఖ్య మారాలి. కేంద్రం ప్రకటించిన జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ సీట్లు 175 నుంచి 225కు పెంచాలని రాసి ఉంది. కానీ అది రాజ్యాంగంలోని 170వ ఆర్టికల్‌కు లోబడే ఉంది. వెంటనే పెంచాలని వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

సీట్లు పెరిగితే గీతలన్నీ మళ్లీ మారతాయి. హైదరాబాద్ ఇప్పుడు 2001 నాటి నగరం కాదు. పాత బస్తీల నుంచి ఎన్నో కుటుంబాలు టోలిచౌకి దాటి, రాజేంద్రనగర్ వైపు, శివారుల వైపు వెళ్లాయి. అక్కడ ఏ గీత ఎక్కడ పడుతుందో ఇంకా తేలాలి.

అందుకే ఇప్పుడు చేయాల్సిన పనులు చిన్నవే. జనగణన ఎన్యుమరేటర్ ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ఉన్న అందరి పేర్లూ చెప్పాలి. పెళ్లయి వచ్చిన కోడలు, వేరే ఊళ్లో చదువుకుంటున్న కొడుకు, ఎవరు ఎక్కడ లెక్కలోకి వస్తారో అడిగి తెలుసుకోవాలి. జనాభా లెక్కే సీటుకు పునాది. ఇల్లు మారిన వాళ్లు ఫారం 8 నింపి ఓటు కొత్త చిరునామాకు మార్చుకోవాలి. ముసాయిదా వచ్చిన రోజు మసీదు కమిటీలు, కాలనీ సంఘాలు మ్యాపు ముందు పెట్టుకుని తమ గల్లీ ఎటు వెళ్లిందో చూడాలి. అభ్యంతరం ఉంటే భావోద్వేగంతో కాదు, వార్డు, జనాభా, రోడ్డు, దూరం లెక్కలతో రాయాలి. కమిషన్ వినేది ఆ భాషే.

గీత ఎంత బాగా పడినా ఓటు వేయకపోతే లాభం లేదు. 2023లో హైదరాబాద్ జిల్లాలో పోలింగ్ సగం కూడా దాటలేదు. ఆ ఎన్నికల్లో నాంపల్లి తేడా 2,037 ఓట్లు, యాకుత్‌పురా తేడా 878 ఓట్లు. కొన్ని గల్లీల వాళ్లు ఇంట్లో కూర్చుంటే ఫలితం మారిపోయేంత తేడా అది.

ఆ రోజు చాచా పేరు నాంపల్లి జాబితాలో దొరికింది. బూత్ నంబర్ రాసిచ్చాను. కొత్త కార్డుకు దరఖాస్తు కూడా పెట్టాం. పాత కార్డు పడేయమంటారా అని అడిగితే వద్దన్నారు. "ఉండనీ బేటా, మళ్లీ గీత మారిందంటే నాంపల్లి కార్డు కూడా దీని పక్కనే పెడతా. కానీ ఈసారి బూత్ ముందే చూసుకుని పోతా" అన్నారు.